చేతులు కడిగి కడిగి పగిలిపోతున్నాయా? కావలి మందుల షాపు కౌంటరు దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

కావలిలో మాది మందుల షాపు. రోజూ ఎవరో ఒకరు కౌంటరు మీద రెండు చేతులూ చాపి చూపిస్తారు. టిఫిన్ సెంటర్లో గిన్నెలు తోమే ఆమె, రొయ్యల షెడ్డుకి పోయే అమ్మాయి, నర్సు, తాపీ మేస్త్రీ, పసిబిడ్డ తల్లి. మనుషులు వేరు, మాట ఒకటే: "మండతా ఉండాదన్నా, ఏదన్నా మంచి ఆయింట్‌మెంటు ఇవ్వు." ఇవ్వడం ఎంతసేపు? కానీ ఆ ట్యూబు ఎప్పుడు రాయాలో, ఎన్నిసార్లు రాయాలో చెప్పేలోపే వెనకాల ఉన్నాయన తొందరపెడతాడు. అక్కడ నిలబెట్టి చెప్పలేకపోయినవన్నీ ఇక్కడ రాశాను. నేను డాక్టర్ని కాను. నా చెయ్యి దాటిన కేసు ఏదో కూడా చెబుతాను.

మనకి చలికాలమే సరిగ్గా ఉండదు కదా, మరి చేతులెందుకు పగులుతున్నాయి?

నెల్లూరు, ప్రకాశం వైపు చలి పేరుకే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య వానలు, గాలి నిండా చెమ్మ. పెదాలు పగిలితే చలిగాలిని తిట్టుకోవచ్చేమో గానీ, ఏడాది పొడవునా పగిలే చేతులకి కారణం నీళ్ళూ సబ్బూ.

నీళ్ళు తడుపుతాయి గానీ ఆరబెడతాయా అని చాలామందికి అనుమానం. అప్పుడు చేపల పులుసు చట్టి సంగతి గుర్తు చేస్తాను. కొత్త మట్టి చట్టిని తెచ్చిన రోజే పులుసుకి పెట్టం కదా. నానబెట్టి, గంజి కాచి, నూనె పట్టించి వాడకానికి తెస్తాం. ఆ జిడ్డు మట్టిలో కూర్చుంటేనే పులుసు బయటికి ఊరదు. అదే చట్టిని పూటకి నాలుగుసార్లు పౌడరు వేసి పీచుతో తోమితే జిడ్డంతా పోతుంది, చెమ్మ ఊరుతుంది, చివరికి బీట పడుతుంది. చర్మం పైపొరలో కూడా సెరమైడ్లు, కొలెస్ట్రాల్, కొవ్వు ఆమ్లాలు కలిసిన జిడ్డు ఉంటుంది. లోపలి తేమని పోనివ్వకుండా, బయటి ఘాటుని రానివ్వకుండా కాపలా కాసేది అదే. సబ్బుకి చేతి మురికీ ఈ జిడ్డూ ఒకటే, రెండిటినీ లాక్కుపోతుంది. పైగా అరచేతుల్లో నూనె గ్రంథులు ఉండవు. ముఖం కడిగిన గంటకి మళ్ళీ జిడ్డు తేలినట్టు అరచేతిలో తేలదు.

డాక్టర్లు దీన్ని ఇరిటెంట్ కాంటాక్ట్ డెర్మటైటిస్ అని రాస్తారు. చీటీ మీద ఆ పేరు చూసి ఏదో పెద్ద జబ్బనుకుని టెన్షన్ పడి వచ్చిన వాళ్ళున్నారు. తగిలిన వస్తువు చర్మాన్ని రేపడం వల్ల వచ్చిన వాపు, అంతే.

రోజుకి ఎన్నిసార్లు కడిగితే ఎక్కువ అన్నట్టు?

అందరికీ ఒకే గీత గీయలేం. పనిచేసే చోట ఆరోగ్యం చూసే నిపుణులు మాత్రం "తడిపని" అని ఒక లెక్క పెట్టుకున్నారు. రోజుకి 2 గంటలకు పైగా చేతులు తడిలో ఉన్నా, అంతసేపు గాలాడని గ్లవ్స్‌లో ఉన్నా, 20 సార్లకు పైగా కడిగినా అది తడిపనే.

ఈ లెక్క చెప్పాక మా ఇంట్లో ఒక ఆదివారం గోడ క్యాలెండరు మీద గీతలు పెట్టమన్నాను. పాలగిన్నె, కూరగాయలు, పిండి, చేపలు, మనవడి ముక్కు, మళ్ళీ గిన్నెలు. సాయంత్రానికి 31 గీతలు. "నేను ఉద్యోగం చెయ్యడం లేదంటావు కదా" అని మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

అయితే కడగడం తగ్గించమంటారా?

అవసరమైన చోట తగ్గించొద్దు. దొడ్డికి వెళ్ళొచ్చాక, బిడ్డని శుభ్రం చేశాక, పచ్చి చేపలూ మాంసమూ ముట్టుకున్నాక, అన్నం కలిపే ముందు, రోగి దగ్గరికి వెళ్ళే ముందూ వచ్చాకా సబ్బుతో 20 సెకన్లు రుద్దాల్సిందే. కానీ బియ్యం కడిగిన చేతికీ, కొత్తిమీర తుంచిన చేతికీ సబ్బెందుకు? నీళ్ళతో తొలిపి తుడుచుకుంటే చాలు. 31 గీతల్లో 12 అలాంటివే.

నీళ్ళు వేడిగా ఉంటే క్రిములు చస్తాయన్నది కూడా అపోహే. చెయ్యి ఓర్చుకునే వేడికి క్రిములు చావవు, చర్మంలో జిడ్డు మాత్రం తొందరగా కరిగిపోతుంది. మన ఊళ్ళల్లో ఇంకో తిప్పలుంది. మే నెల మధ్యాహ్నం మిద్దె మీద ట్యాంకు నీళ్ళు కుళాయి తిప్పగానే చురుక్కుమంటాయి. హీటరు లేని ఇంట్లో కూడా వేణ్ణీళ్ళే! పొద్దున్నే ఒక బకెట్టు పట్టి నీడలో పెట్టుకుని, మధ్యాహ్నం గిన్నెలకీ చేతులకీ అవి వాడండి.

ఏ సబ్బు మంచిది?

మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 దాకా ఉంటుంది, అంటే క్షారం. చర్మం సహజంగా కొంచెం పులుపు వైపు, 5కి అటూ ఇటూగా ఉంటుంది. సబ్బు వాడిన ప్రతిసారీ ఆ పులుపు విరిగి, మళ్ళీ కుదురుకోవడానికి టైము పడుతుంది. అందుకే పగిలిన చేతులకి సబ్బు కాని సబ్బులు, అంటే సిండెట్ బార్లో, సువాసన లేని లిక్విడ్ క్లెన్సర్లో నయం. ఖరీదు ఎక్కువ, ఒప్పుకుంటాను. ఇంటిల్లిపాదికీ అక్కర్లేదు. చేతులు పగిలిన మనిషికి ఒకటి వేరుగా పెట్టండి, మిగతా వాళ్ళు మామూలు సబ్బుతో కానివ్వండి.

టీఎఫ్ఎం 76 ఉంది కదా, మెత్తగానే ఉంటుందిగా అంటారు. టీఎఫ్ఎం అంటే సబ్బులో కొవ్వు పదార్థం ఎంత శాతమో చెప్పే లెక్క. మన ప్రమాణాల ప్రకారం 76, ఆపైన ఉంటే మొదటి గ్రేడు. అది సబ్బు నాణ్యత గురించి చెబుతుంది గానీ క్షారగుణం గురించి చెప్పదు.

క్రిములు చంపుతుందని రాసి ఉన్న సబ్బు ఇంటికి అక్కర్లేదు. అమెరికాలో 2016లో ట్రైక్లోసాన్‌తో సహా 19 రసాయనాలని ఇళ్ళలో వాడే అలాంటి సబ్బుల నుంచి తీసేయమన్నారు. మామూలు సబ్బు కంటే మెరుగని కంపెనీలు చూపించలేకపోయాయి.

ఇక గిన్నెలు తోమే సబ్బుతోనే చేతులు కూడా కడిగేసే అలవాటు ఉంది చూశారూ, సగం కేసులు అక్కడివే. సింకు దగ్గర అదే అందుబాటులో ఉంటుంది మరి. పెనం మీద మాడిన జిడ్డు వదలగొట్టే సరుకు చర్మాన్ని వదిలిపెడుతుందా?

కడిగాక ఏం చెయ్యాలి?

ఇంత పెద్ద పేజీలో ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇది చదవండి.

కడిగాక పావడ అంచుకో, లుంగీకో రాసేసి పనిలో పడొద్దు. మెత్తటి నూలు గుడ్డతో రుద్దకుండా అద్దండి. వేళ్ళ సందులు, ఉంగరం కింద మర్చిపోవద్దు. ఉంగరం కింద సబ్బు నిలబడి అక్కడే మొదట పొట్టు లేస్తుంది. పెళ్ళి ఉంగరమే అయినా చెయ్యి మానేదాకా తీసి బీరువాలో పెట్టండి, మొగుడు ఏమీ అనుకోడు. చెయ్యి ఇంకా కొంచెం చెమ్మగా ఉండగానే, రెండు మూడు నిమిషాల్లోపే క్రీము రాయాలి. చెయ్యి పూర్తిగా ఎండి బిగిసిపోయాక రాస్తే, ఉన్న తేమ పోయాక తలుపు వేసినట్టే.

ఎంత రాయాలి? చూపుడు వేలు చివరి గీత నుంచి కొన దాకా ట్యూబు పిండితే సుమారు అర గ్రాము. అది ఒక చేతికి, లోపలా బయటా కలిపి సరిపోతుంది. రెండు చేతులకి రెండు. చాలామంది బఠాణీ గింజంత తీసుకుని అరచేతులు రుద్దుకుని వదిలేస్తారు. పగిలేవి మాత్రం చేతి వెనక వైపు కణుపులు, వేళ్ళ సందులు. అక్కడ మొదలుపెట్టి, మిగిలింది అరచేతికి రాయండి.

రాత్రి పడుకునే ముందు దట్టంగా రాసి, పైన నూలు గ్లవ్స్. అవి లేకపోతే పాత నూలు సాక్సులు తొడుక్కోండి. మొదటి రోజు చూసి పిల్లలు నవ్వుతారు. వారం తర్వాత తేడా మీకే తెలుస్తుంది.

ఇంకో కిటుకు. క్రీము డబ్బా అద్దం బల్ల మీద ఉంటే పని జరగదు. సింకు పక్కన ఒకటి, బాత్రూం బయట ఒకటి ఉండాలి. డబ్బా ఎక్కడుందన్నదే సగం వైద్యం. ఎంత ఖరీదైన క్రీమైనా రోజుకి ఒక్కసారి రాస్తే, అయిదు రూపాయల జెల్లీ పదిసార్లు రాసిన మనిషి చేతులే బాగుంటాయి. అమ్ముకునేవాణ్ణి, నేనే చెబుతున్నాను.

క్రీమా, జెల్లీయా, కొబ్బరి నూనెనా?

పెట్రోలియం జెల్లీని తేలిగ్గా చూడొద్దు. 1872లో పేటెంటు తీసుకున్న పాత సరుకు. తేమ ఆవిరైపోకుండా ఆపడంలో దాన్ని మించింది దాదాపు లేదు. రంగూ వాసనా లేవు కాబట్టి ఎలర్జీ కూడా చాలా అరుదు. జిడ్డుగా ఉంటుందనే ఒక్క ఫిర్యాదు. పగలు ఫోను పట్టుకోవాలి, పుస్తకం రాయాలి అంటే గ్లిజరిన్, సెరమైడ్లు ఉన్న క్రీము వాడి, రాత్రికి జెల్లీ రాయండి. పంపు సీసాల్లో పలచటి లోషన్లు సువాసనకి బాగుంటాయి గానీ వాటిలో నీళ్ళే ఎక్కువ.

యూరియా క్రీము పొలంలో చల్లే యూరియానా అని ఒక రైతు అడిగాడు. పదార్థం అదే, తయారీ వేరు. మందుల షాపులో అమ్మేది శుద్ధి చేసి, కొలత ప్రకారం క్రీములో కలిపింది. బస్తాలోది నీళ్ళలో కలిపి రాసుకునే ప్రయోగాలు చెయ్యొద్దు. 10 శాతం యూరియా చర్మంలో తేమ నిలబెడుతుంది, అంతకంటే ఎక్కువ శాతం ఉన్నవి మందంగా గట్టిపడిన చర్మాన్ని మెత్తబరుస్తాయి. నోరు తెరిచిన పగులు మీద ఇది భగ్గుమంటుంది. ముందు జెల్లీతో పగులు పూడనిచ్చి, తర్వాత యూరియాకి రండి.

కొబ్బరి నూనె మంచిదే, చెమ్మ చేతికి రాస్తే ఇంకా మంచిది. నెయ్యి, వెన్న కూడా పట్టు ఇస్తాయి, కాదనను. మా అమ్మ నెయ్యి రాసుకునే పడుకునేది. అర్ధరాత్రి చీమలు కుడితే లేచేది.

నిమ్మకాయ చెక్క రుద్దితే మెత్తబడతాయంటారు, నిజమేనా?

పొదలకూరు నిమ్మకాయలకి దండం పెడతాను, చారులోకి పిండుకోండి. పగిలిన చేతికి వద్దు. మంట సరే, నిమ్మరసం పడిన చర్మానికి ఎండ తగిలితే బొబ్బలెక్కి, నల్లటి మచ్చలు నెలల తరబడి ఉండిపోవచ్చు. మన ఎండలు తెలిసినవే.

పసుపు కొంతమందికి పడదు, దురద పెడుతుంది. ఉప్పు నీళ్ళు, బూడిద, వంటసోడా ఏవీ వద్దు. సున్నిపిండి, శనగపిండి పగుళ్ళు లేని ఒంటికి బాగానే ఉంటాయి, పగిలిన చేతిని మాత్రం గీరుతాయి.

మా బోరు నీళ్ళలో ఫ్లోరైడు ఉంది, దాని వల్లే చేతులు పగులుతున్నాయా?

కనిగిరి వైపు నుంచి కూతురింటికి వచ్చిన ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న. ఆ వైపు నీళ్ళతో పడిన బాధ చిన్నది కాదు కాబట్టి ఏం జరిగినా ఫ్లోరైడు మీదికే పోతుంది మనసు. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే పళ్ళూ ఎముకలూ చెడతాయి. చేతులు పగలడం దాని పని కాదు.

అదే బోరు నీళ్ళలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువుంటే మాత్రం చేతికి తిప్పలే. సబ్బు నురగ రాదు, నురగ రాలేదని ఇంకా రుద్దుతాం. ఆ లవణాలు సబ్బుతో కలిసి తెల్లటి తెట్టులా చర్మం మీద కూర్చుంటాయి. బకెట్టు అంచుకి పట్టే తెల్ల చారలు చూశారుగా. తక్కువ సబ్బు, ఎక్కువసేపు తొలపడం, ఇవి మార్చుకోండి. సిండెట్ బారు గట్టి నీళ్ళలో కూడా నురగ ఇస్తుంది, తెట్టు కట్టదు. తాగడానికి తెచ్చుకున్న 20 లీటర్ల క్యాను నీళ్ళతో చేతులు కడగమని నేను చెప్పను, అది అయ్యే పని కాదు.

గ్లవ్స్ వేసుకుంటే సరిపోతుందా?

సరిగ్గా వేసుకుంటే. ముందు ఒక ముచ్చట చెబుతాను. ఆపరేషన్ థియేటర్లో రబ్బరు గ్లవ్స్ వాడకం ఊపందుకోవడం వెనక పగిలిన చేతుల కథ ఒకటుంది. 1889-90 ప్రాంతంలో అమెరికాలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రిలో కరోలిన్ హాంప్టన్ అనే నర్సుకి, చేతులు శుద్ధి చేసుకునే పాదరసపు మందు పడక చర్మం పుండ్లు పడింది. ఆమెతో పనిచేసే సర్జన్ విలియం హాల్‌స్టెడ్ ఒక రబ్బరు కంపెనీకి చెప్పి పలచటి గ్లవ్స్ చేయించాడు. రోగికి క్రిములు అంటకుండా ఉంటాయన్న ఆలోచన తర్వాత వచ్చింది. 1890లో వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకున్నారు.

మన వంటింటికి వద్దాం. గిన్నెలకి, బట్టలకి కొంచెం వదులుగా ఉండే పొడుగు రబ్బరు గ్లవ్స్ కొనండి. లోపల పలచటి నూలు గ్లవ్స్ ఉంటే చెమట పీలుస్తుంది. రబ్బరు లోపల చెయ్యి చెమటకి నానితే అదీ తడిపనే, అందుకే 15, 20 నిమిషాలకోసారి తీసి గాలి తగలనివ్వాలి. లోపలికి నీళ్ళు పోతే వెంటనే తీసెయ్యండి. సబ్బు నీళ్ళు నిండిన గ్లవ్సు కంటే వట్టి చెయ్యే మేలు. చిరిగిన దాన్ని ఇంకో వారం లాగించొద్దు. రబ్బరు తగిలితే దద్దుర్లు వచ్చేవాళ్ళు నైట్రైల్‌వి తీసుకోవాలి. లేటెక్స్ గ్లవ్స్ కింద జెల్లీ, నూనె రాయకూడదు, రబ్బరు మెత్తబడి చిరుగుతుంది.

రొయ్యల షెడ్డులో పని. గ్లవ్స్ ఇస్తారు, అయినా దురద ఆగడం లేదు. ఎందుకు?

షెడ్డులో చేతికి శత్రువులు ఒకటి కాదు. ఐసు నీళ్ళు, ఉప్పు, శుభ్రతకి కలిపే క్లోరిన్, గుచ్చుకునే రొయ్య ముల్లు. ఇవన్నీ చర్మాన్ని పలచన చేశాక రొయ్య మాంసంలోని ప్రోటీను లోపలికి దిగుతుంది. కొందరి ఒంటికి అది పడదు. రొయ్య ముట్టుకున్న కాసేపటికే దురద, దద్దుర్లు వస్తే అది మామూలు పగులు కాదు. దాంతోపాటు తుమ్ములు, ముక్కు కారడం, ఛాతీ పట్టేసినట్టు ఉండడం కనిపిస్తే మాత్రం ఆయింట్‌మెంటు మాట పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళండి, సూపర్‌వైజరుకి చెప్పి వేరే పని అడగండి. కూలి పోతుందని భరించే అమ్మాయిల్ని చూస్తుంటాను. ఊపిరికి సంబంధించింది అలా భరించేది కాదు.

గుంటల మీద పనిచేసే వాళ్ళు బ్లీచింగ్ పౌడరు, సున్నం తడి చేత్తో చల్లొద్దు. సున్నానికి తడి తగిలితే కాలుతుంది. చేతికి పడితే ముందు పొడిగా దులిపి, తర్వాత ధారాళంగా నీళ్ళు పొయ్యాలి. విరుగుడని నిమ్మకాయ పిండొద్దు. తడి సిమెంటుతో పనిచేసే మేస్త్రీలకీ ఇదే మాట. సిమెంటులో ఉండే క్రోమియం కొందరికి ఎలర్జీ కూడా తెస్తుంది, అది ఒకసారి పట్టుకుంటే తేలిగ్గా వదలదు. పెయింటర్లు చేతులకి కిరసనాయిలు, థిన్నరు వాడడం మానాలి. ఎండిన రంగుకి ముందు కొబ్బరి నూనె పట్టించి తుడిచి చూడండి.

ఒక్క ఎడమ చేతి మూడు వేళ్ళ కొసలే పగులుతున్నాయి. ఇదేం విడ్డూరం?

వెల్లుల్లి. ఆవకాయ రోజుల్లో ఈ ప్రశ్న ఎక్కువ. కుడి చేత్తో కత్తి పట్టుకుంటాం, ఎడమ బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలుతో రెబ్బ పట్టుకుంటాం. ఆ మూడు కొసలే ఎండి, పొట్టు లేచి, చీలతాయి. నాలుగు రోజులు వెల్లుల్లి పని ఇంకొకరికి అప్పజెప్పి చూడండి. పలచటి గ్లవ్స్ ఈ విషయంలో అంత నమ్మకం కాదు, ఘాటు వాటిలోంచీ దిగుతుంది.

శానిటైజరు మంట పుడుతోంది, మానెయ్యాలా?

మంట పుట్టేది పగుళ్ళు ఉన్నాయి కాబట్టి. గ్లిజరిన్ కలిపిన, 60 శాతానికి తగ్గకుండా ఆల్కహాలు ఉన్న శానిటైజరు నిజానికి సబ్బు కంటే చేతికి తక్కువ హాని చేస్తుంది, జిడ్డుని కడిగి బయటికి తీసుకుపోదు కాబట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన పాళ్ళలోనే 1.45 శాతం గ్లిజరిన్ ఉంది. నర్సులకి నేను చెప్పేది: చేతికి కంటికి కనిపించే మురికి లేనప్పుడు శానిటైజరు, ఉన్నప్పుడు సబ్బు, డ్యూటీ దిగాక దట్టంగా క్రీము. సబ్బుతో కడిగిన వెంటనే మళ్ళీ శానిటైజరు పూసుకోవడం రెండింతల నష్టం. ఇంట్లో మాత్రం చేపల జిగురుకి, నూనె జిడ్డుకి అది పనికిరాదు.

పోయినసారి ఇచ్చిన ట్యూబు రెండు రోజుల్లో తగ్గించింది. అదే ఇవ్వన్నా?

ఈ ప్రశ్నకి షాపు పెట్టిన కొత్తలో నేను తప్పు జవాబు చెప్పాను. మెస్సులో పనిచేసే ఒకామెకి క్లోబెటాసోల్ అనే ఘాటైన స్టెరాయిడ్ ఉన్న ట్యూబు ఇచ్చాను. రెండు రోజుల్లో మంట పోయింది, సంతోషపడింది. ఆపగానే మళ్ళీ వచ్చింది, మళ్ళీ కొనింది. అలా ఆరు నెలలు. ఒకరోజు చేతి వెనక చర్మం ఉల్లిపొరలా పలచబడి, నరాలు బయటికి కనిపిస్తుంటే తీసుకొచ్చి చూపించింది. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే ఇంకా గుర్తుంది.

స్టెరాయిడ్ ఆయింట్‌మెంటు చెడ్డది కాదు. బాగా రేగిన చేతికి చర్మ డాక్టరు కొన్ని రోజులు లెక్కగా రాస్తారు, బాగా పనిచేస్తుంది. లెక్క లేకుండా వాడితేనే చర్మం పలచబడుతుంది. అసలు జబ్బు తామర, అంటే ఫంగస్ వల్ల వచ్చేది అయితే స్టెరాయిడ్ దాన్ని పైకి అణచి లోపల పెంచుతుంది. 2018 నుంచి ఇలాంటి చాలా ఆయింట్‌మెంట్లు చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన ఉంది. స్టెరాయిడు, యాంటీబయాటిక్, తామర మందు మూడూ కలిపిన ట్యూబులు పక్కింటావిడ వాడుతుందని మీరు కొనుక్కోకండి.

ఇది అంటుకుంటుందా?

కడగడం వల్ల వచ్చిన పగులు అంటుకోదు. రాత్రిపూట దురద పెరిగి, వేళ్ళ సందుల్లో చిన్న పొక్కులు వచ్చి, ఇంట్లో ఇంకొకరికీ మొదలైతే అది గజ్జి. అంటుకుంటుంది, మందు వేరు. ఒక్క చెయ్యే పొడిబారి పొట్టు లేస్తుంటే తామర అయి ఉండొచ్చు.

పగులు లోతుగా చీలి రక్తం వస్తోంది. గమ్ముతో అతికిస్తే పోతుందని యూట్యూబులో చూశాం.

గాయాలకి వాడే గమ్ము వేరు, చెప్పులు అతికే గమ్ము వేరు. రెండోది చర్మాన్ని కాలుస్తుంది, వద్దు. మంచినీళ్ళతో కడిగి, అద్ది, పగులు నిండా జెల్లీ పెట్టి, మీద ప్లాస్టరు వెయ్యండి. రోజూ మార్చండి. తడిస్తే అప్పుడే మార్చండి. పగులు అంచులు గట్టిగా లేచి ఉంటే పీకొద్దు, బ్లేడుతో చెక్కొద్దు. యాంటీసెప్టిక్ లోషను నీళ్ళలో చేతులు నానబెట్టడం కూడా మానండి.

గోరుచుట్టు మళ్ళీ మళ్ళీ వస్తోంది.

ఎప్పుడూ తడిలో ఉండే చేతికి గోరు మొదట్లో ఉండే సన్నటి పొర ఊడిపోతుంది. ఆ సందులోంచి నీళ్ళు, బూజు, క్రిములు దిగుతాయి. ఆ పొరని వెనక్కి తొయ్యొద్దు, కొరకొద్దు. వేలికి నిమ్మకాయ తొడగడం మన పాత వైద్యం. చల్లగా హాయిగా ఉంటుందేమో గానీ చీము తియ్యదు. చీము పట్టి టకటకమని పోటు పెడుతుంటే డాక్టరు చేత తీయించుకోవాలి.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి?

చీము, పసుపు రంగు పెచ్చులు, చెయ్యంతా ఎర్రబడి వేడెక్కడం, ఎరుపు మణికట్టు పైకి పాకడం, జ్వరం. వీటిలో ఏది కనిపించినా అదే రోజు. షుగరు ఉన్నవాళ్ళు ఇంకా ముందే, చిన్న పగులే కదా అనుకోవద్దు. రెండు మూడు వారాలు పైన చెప్పినవన్నీ చేసినా తగ్గకపోతే చర్మ డాక్టరుకి చూపించండి. ఎలర్జీ అనుమానం ఉంటే వీపు మీద ప్యాచ్ టెస్ట్ చేస్తారు. అనుమానపు పదార్థాలు అతికించి 2 రోజుల తర్వాత తీసి చూస్తారు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకి ఇంకోసారి చూస్తారు. అన్ని ఊళ్ళలో ఉండదు. చేసే చోటు ఏదో మీ డాక్టరే చెబుతారు.

ఎన్ని రోజుల్లో తగ్గుతుంది?

మంట మూడు నాలుగు రోజుల్లో, పగుళ్ళు ఒకటి రెండు వారాల్లో. అక్కడే అందరూ మోసపోయేది. పైకి నున్నగా కనిపించగానే డబ్బా అటక ఎక్కుతుంది. లోపల చర్మం పూర్తిగా గట్టిపడడానికి నెలలు పడుతుంది. ఈలోపు ఒక పెళ్ళివంట, రెండు రోజుల గిన్నెలు చాలు, మళ్ళీ మొదటికి. తగ్గాక కూడా రోజుకి నాలుగైదుసార్లు రాస్తూనే ఉండండి.

పగిలిన చేత్తో పులుసు కలుపుకుని తినొచ్చా?

చింతపండు, కారం పగుళ్ళలోకి దిగితే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఆ మంట కోసం తిన్నాక మళ్ళీ సబ్బేసి రుద్దుతారు. ఓ పది రోజులు స్పూనుతో తినండి. ఉదయగిరిలో నర్ది, బిక్కి కొయ్యతో చెక్కిన స్పూన్లు తేలిగ్గా, నునుపుగా ఉంటాయి, పగిలిన వేళ్ళతో పట్టుకోవడానికి స్టీలు కంటే హాయి. మా ఆవిడకి ఒక జత తెచ్చిచ్చాను. రెండు పూటలు వాడింది. మూడో పూట చేపల పులుసు. స్పూను పక్కన పెట్టి, నా వైపు చూడకుండా చెయ్యి పెట్టేసింది.